హల్లుల పొత్తు

పల్లెటూరినుండి పట్టణమునకు వచ్చి క్రొత్తగా బడిలో చేరిన బాలుడొకడు "మా ఊరి ఇస్కూలు" అని మాట మొదలుపెట్టగానే తరగతిలోని పిల్లలు కొందఱు పకపక నవ్వుదురు. బాలుడు తల వంచుకొనును. నాటినుండి, ఉపాధ్యాయుడు అడిగిన ప్రశ్నకు సమాధానము తెలిసినను, అతడు లేచి నిలువడు. మాటకు ముందు చేరిన ఒక్క ఇకారము ఆ బాలుని నోటికి తాళము వేయును. ఇట్టివి ఎన్నియో బడులలో జరుగుచుండును. ఆ నవ్వు న్యాయమైనదేనా? ఈ ప్రశ్నకు సమాధానము కావలెనన్నచో ఆ మాట పుట్టుపూర్వోత్తరములను, హల్లులు ఒకదానితో ఒకటి కలియు తీరును కొంత తెలిసికొనవలెను.

"స్కూలు" అను మాటకు పుట్టిల్లు గ్రీసు దేశము. గ్రీకు భాషలో "స్ఖొలే" అనగా తీరిక అని అర్థము. తీరిక వేళలలో పెద్దలు కూడి విద్యావిషయములను చర్చించుకొనుటచే ఆ చర్చకును, తరువాత ఆ చర్చ జరుగు చోటునకును అదే పేరు వచ్చినది. రోమనులు దానిని గైకొని "స్కొలా" అనిరి. లాటిను భాషనుండి ఆ మాట ఐరోపా దేశములకు ప్రయాణము చేసినది. ఆంగ్లేయుల నోట అది "స్కూల్" అయినది. స్పెయినువారి నాలుకకు పదము మొదట సకార కకారములు కలిసి పలుకుట అలవాటు లేదు. వారు ముందొక ఎకారమును చేర్చి "ఎస్కువేలా" అనిరి. ఫ్రెంచివారు మొదట "ఎస్కోల్" అని, పిదప నడుమనున్న సకారమును విడిచి "ఎకోల్" అనిరి. నేడు మాడ్రిడ్ నగరమున విశ్వవిద్యాలయాచార్యుడైనను ఎకారము లేక ఆ మాటను ఉచ్చరింపడు. ఆయనను చూచి నవ్వువారు లేరు. స్పానిష్ నిఘంటువులో ఆ ఎకారము గౌరవముతో నిలిచియున్నది. తెలుగు పల్లెలోని బాలుడు "ఇస్కూలు" అనునపుడు చేయుచున్న పనియు అదియే.

అచ్చు నడుమ రాక హల్లులు ఒకదానితో ఒకటి కూడియుండుటయే ఇచటి విషయము. ఒకే హల్లు రెండు మాఱులు కూడినచో ద్విత్వాక్షరము. అక్క, అమ్మ అను మాటలలో అట్టివి కలవు. వేర్వేఱు హల్లులు రెండు కూడినచో సంయుక్తాక్షరము; సత్యము, పద్మము అనునవి ఉదాహరణములు. రెంటికి మించి కూడినచో సంశ్లేషాక్షరము. స్త్రీ, రాష్ట్రము అను పదములలో అట్టివి కలవు. తెలుగు వ్రాతలో మొదటి హల్లునకు తరువాతి హల్లులు ఒత్తులుగా చేరును. కావున కంటికి ఆ గుంపంతయు ఒకే అక్షరమువలె తోచును. కాని నోటికి మాత్రము అది రెండు మూడు వేర్వేఱు పనుల కూడిక.

ఆ పనులెట్టివో చూడవలెను. అచ్చును పలుకునపుడు నోరు తెఱచుకొని ఊపిరి అడ్డములేక వెలువడును. హల్లును పలుకునపుడు పెదవులయొద్దనో, పండ్లయొద్దనో, అంగిటియందో ఊపిరికి అడ్డు ఏర్పడును. పకారమునకు పెదవులు మూసికొనును. తకారమునకు నాలుక కొన పండ్లను తాకును. కకారమునకు నాలుక వెనుక భాగము పైకి లేచి మెత్తని అంగిటిని అంటును. రెండు హల్లుల నడుమ అచ్చు ఉన్నచో, ఒక చోటినుండి మఱొక చోటికి పోవుటకు నాలుకకు వ్యవధి దొరకును. సంయుక్తాక్షరమున ఆ వ్యవధి లేదు. మొదటి హల్లు ముగియకముందే రెండవ హల్లునకు నాలుక సిద్ధపడవలెను. "క్లేశము" అను మాటను చక్కగా పలుకువాని నోటిలో, నాలుక వెనుక భాగము కకారమును పలుకుచుండగనే నాలుక కొన లకారముకొఱకు పైకి లేచియుండును. ఈ ముందుచూపే సంయుక్తాక్షరోచ్చారణమునకు కీలకము.

ఎదురుపడిన హల్లుల పొత్తు తన భాషలో లేనిదైనచో నాలుక నాలుగు ఉపాయములలో ఏదో ఒకదానిని పట్టును. నాలుగింటికిని తెలుగులోనే ఉదాహరణములు కలవు. మొదటిది, పొత్తునకు ముందు ఒక అచ్చును చేర్చుట, "ఇస్కూలు" అట్టిది. రెండవది, హల్లుల నడుమ అచ్చును చొప్పించుట. గ్లాసు "గలాసు" అగుట యిట్లే. రత్నము రతనమైనదియు, చంద్రుడు చందురుడైనదియు, యాత్ర జాతరయైనదియు ఈ త్రోవనే. మూడవది, ఒక హల్లును విడిచివేయుట. స్టేషను "టేసను" అయినది. స్థానము తానముగను, ద్వీపము దీవిగను మాఱినవి. నాలుగవది, ఒక హల్లు రెండవదానిలో లీనమగుట. కలెక్టరు "కలెట్టరు" అయినట్లే పూర్వము అగ్ని అగ్గియు, భక్తి బత్తియు, అక్షరము అక్కరమును అయినవి.

ఇందొక చిత్రము కలదు. రతనము, జాతర, దీవి అను మాటలను పండితులు తద్భవములని ఆదరించిరి. కవులు కావ్యములలో వాడిరి. గలాసు, టేసను అను మాటలను విని చదువుకొన్నవారు నవ్వుదురు. రెండు తెగలును పుట్టిన తీరు ఒక్కటియే. ఒకదానికి కాలము గౌరవమును సంపాదించి పెట్టినది. రెండవదానికి ఇంకను పెట్టలేదు. అంతియే భేదము.

ఇది తెలుగునకు మాత్రమే కలిగిన లక్షణము కాదు. సంస్కృతములో ఏడునకు "సప్త", ఎనిమిదికి "అష్ట" అని పేర్లు. బౌద్ధుల పాలీ భాషలో అవి "సత్త", "అట్ఠ" అయినవి. అక్కడ పశ్చిమమున లాటిను భాషలో ఏడునకు "సెప్తెమ్", ఎనిమిదికి "ఒక్తో" అని పేర్లు. లాటినునుండి పుట్టిన ఇటాలియను భాషలో అవి "సెత్తె", "ఒత్తో" అయినవి. పాలీ పలికినవారికిని ఇటలీ జనులకును నడుమ వేల మైళ్ల దూరము. ఒకరినుండి ఒకరు నేర్చుకొనినది లేదు. నోరు ఒక్కటియే గనుక త్రోవయు ఒక్కటియే అయినది.

క్రీస్తుపూర్వము 3వ శతాబ్దమునాటి అశోకుని శాసనములలో ఈ భేదము రాతిపై నిలిచియున్నది. కర్నూలు జిల్లాలోని ఎఱ్ఱగుడి శాసనములలో ధర్మ శబ్దము "ధమ్మ" రూపమున కనబడును. నేటి పాకిస్థానములోని షాబాజ్‌గఢీ శాసనములో అది "ధ్రమ" అని చెక్కబడినది. చక్రవర్తి యొక్కడే, ఆజ్ఞ యొక్కటియే, అయినను ఒకచోట రేఫము మకారములో కలిసినది, మఱొకచోట ముందునకు జరిగినది. అశోకుని లేఖకులు ఒకే రూపమును సామ్రాజ్యమంతటను రుద్దలేదు.

హల్లుల పొత్తును సహింపని భాషలును కలవు. పసిఫిక్ మహాసముద్రములోని హవాయి దీవుల భాషలో హల్లులు ఎనిమిదియే. ప్రతి హల్లు వెనుకను అచ్చు ఉండితీరవలెను. "మెరీ క్రిస్మస్" అను శుభాకాంక్ష అచట "మెలె కలికిమకా" అయినది. జపాను భాషలో అనునాసికమును, ద్విత్వమును తప్ప ఇతర హల్లుల పొత్తులు దాదాపు లేవు. ఆంగ్లేయులు ఒక్క ఊపులో పలుకు "స్ట్రైక్" అను మాట జపానువారి నోట "సు-తొ-రా-ఇ-కు" అని ఐదు మాత్రలుగా విడిపోవును.

జపానువారి నాలుక అలవాటు వారి చెవికిని సోకినది. 1999వ సంవత్సరమున ఎమ్మాన్యుయెల్ దుపూ అను ఫ్రెంచి శాస్త్రజ్ఞుడును ఆయన సహచరులును ఒక పరిశోధనమును ప్రకటించిరి. వారు "ఎబుజొ" అను అర్థములేని మాటను పలికించి, నడుమనున్న ఉకారమును కొంచెము కొంచెముగా కోసివేసి, తుదకు "ఎబ్జొ" మాత్రమే మిగులునట్లు చేసిరి. ఆ ధ్వనులను ఫ్రెంచివారికిని జపానువారికిని వినిపించిరి. ఉకారము పూర్తిగా పోయినదని ఫ్రెంచివారు గుర్తించిరి. జపాను శ్రోతలలో ఎక్కువమంది మాత్రము ఉకారము లేనిచోటను అది వినబడుచున్నదనియే చెప్పిరి. పసితనమునుండి వినిన భాష చెవిని ఇంతగా తీర్చిదిద్దును. ఉచ్చారణము తప్పినవాడు అశ్రద్ధ చేసినాడని తలచుట సులభము. కాని తఱుచుగా ఆ భేదము అతని చెవికే అందియుండదు.

ఇక రెండవ కొసనున్న భాషలను చూడవలెను. రష్యను భాషలో చూపునకు వాడు "వ్ౙ్గ్లియాద్" అను మాట నాలుగు హల్లులతో మొదలగును. కాకసస్ పర్వతములచెంతనున్న జార్జియా దేశపు భాషలో "నీవు మమ్ము ఒలుచుచున్నావు" అను అర్థముగల క్రియాపదమొకటి కలదు. దానిలో గ, వ, ప, ర, ౘ, క, వ, న అను ఎనిమిది హల్లులు అచ్చు లేక వరుసగా నిలిచి, తుదకు ఒక్క ఇకారము వచ్చును. తెలుగువానికి ఊపిరి ఆడని ఆ పదమును టిబిలిసి నగరపు పిల్లలు ఆటలలో అలవోకగా పలుకుదురు. వారి నాలుక వేఱు విధముగా పుట్టినది కాదు. దానికి లభించిన అభ్యాసము వేఱు.

ప్రపంచమంతటను మాటలాడబడు ఆంగ్లభాషకును హద్దులు కలవు. ఆంగ్లపదము మూడు హల్లులతో మొదలైనచో వానిలో మొదటిది సకారమే. స్ప్రింగ్, స్ట్రీట్, స్క్రూ అను పదములు ఇందుకు సాక్షులు. కత్తిని, మోకాలిని తెలుపు "నైఫ్", "నీ" అను ఆంగ్లపదములకు వ్రాతలో ముందు కకారస్థానీయమైన అక్షరము కలదు. సుమారు 17వ శతాబ్దివఱకు ఆంగ్లేయులు దానిని పలుకుచుండిరి. జర్మనులు నేటికిని మోకాలిని "క్నీ" అందురు. ఆంగ్లేయుల నాలుక ఆ పొత్తును విడిచినను వ్రాత విడువలేదు. విద్యార్థులను బాధించు "పలుకబడని అక్షరములు" పెక్కు ఇట్టి పాత పొత్తుల అవశేషములే. వ్రాయుట అను అర్థముగల "రైట్" అను పదము ఆంగ్ల లిపిలో వకారస్థానీయమైన అక్షరముతో మొదలగును. పూర్వము దానినీ పలుకుచుండిరి. తెలుగులోను "వ్రాయు" అను మాట వాడుకలో "రాయు" అయినది. ఒకదానితో ఒకటి సంబంధములేని రెండు భాషలు, ఒకే అర్థముగల మాటలలో, రేఫమునకు ముందున్న వకారమునే విడుచుట యాదృచ్ఛికమైనను వినోదకరము.

తెలుగులో ఇట్టి మార్పునకు పెద్ద చరిత్రయే కలదు. తమిళమున చెట్టును "మరమ్" అందురు. తెలుగులో నడుమనున్న అచ్చు ముందుకు జరిగి, మకార రేఫములు కూడి "మ్రాను" అయినది. త్రాడు, క్రొత్త, ప్రొద్దు, క్రింద అను మాటలలోను ప్రాచీనులు రేఫమును పలికిరి. నేటి వాడుకలో అవి తాడు, కొత్త, పొద్దు, కింద అయినవి. తెలుగు కొన్ని పొత్తులను తానే కట్టుకొని, తానే విప్పుకొనినది. "కొత్త" అనువానిని నాగరకుడనియు, "టేసను" అనువానిని అనాగరకుడనియు ఎంచువారు ఈ చరిత్రను మఱచిరనవలెను.

ఛందస్సు చదువు విద్యార్థులకు ఒక సూత్రము తెలియును. సంయుక్తాక్షరమునకు ముందున్న హ్రస్వాక్షరము గురువగును. "సత్యము" అను మాటలో "స" హ్రస్వమే. అయినను అది గురువు. నోటి పనిని గమనించినచో దీనికి కారణము తేటపడును. వ్రాతలో తకార యకారములు ఒకే అక్షరమైనను, పలుకుబడిలో తకారము వెనుకకు పోయి సకారముతో చేరును. మాట "సత్-యము" అని విడివడును. హల్లు భారము తోడైనందున ముందరి అక్షరము బరువెక్కును. ఛందోనియమము పండితులు ఊరక కల్పించినది కాదు. చెవి చెప్పిన సాక్ష్యమును వారు సూత్రముగా కూర్చిరి.

మాటలు నేర్చు పసిపాపలను గమనించినవారికి ఈ చరిత్రయంతయు ఒక్క ఇంటిలోనే కనబడును. పాప చక్రమును "చక్కము" అనును. పుస్తకమును "పుత్తకము" అనును. పుస్తక శబ్దమునకు తద్భవమైన "పొత్తము" ఆ పాప పలుకునకు ఎంత దగ్గఱగా నున్నదో చూడదగును. ఏ భాషయందైనను పిల్లలకు సంయుక్తాక్షరములు ఆలస్యముగనే పట్టువడును. రెండేండ్ల ప్రాయమున కొన్ని తల చూపును. అన్నియు కుదురుకొనుటకు ఏడెనిమిదేండ్ల ప్రాయము రావచ్చును. "పుత్తకము" అనిన పాపను తల్లి ముద్దాడి, "పుస్తకము తెచ్చితివా, అమ్మా" అని సరియైన మాటను తిరిగి వినిపించును. పాప వినుచు వినుచు నేర్చును. అదే తప్పును పదునాలుగేండ్ల బాలుడు చేసినచో లోకము ముద్దాడదు, నవ్వును. నేర్పు పద్ధతులలో ఏది ఫలించునదో తల్లికే ఎక్కువ తెలిసినదనవలెను.

నవ్వుతో ఆగినచో మేలే. హల్లుల పొత్తు ప్రాణములమీదికి వచ్చిన కాలములును కలవు. 1302వ సంవత్సరము మే 18వ తేదీన, నేటి బెల్జియములోని బ్రూజెస్ నగరవాసులు ఫ్రెంచి సైనికులపై తిరుగబడిరి. చీకటిలో శత్రువును గుర్తించుటకై, డాలు, మిత్రుడు అను అర్థములుగల రెండు స్వదేశపదములను పలుకుమని కనబడినవారినెల్ల అడిగిరట. ఆ రెండును సంయుక్తాక్షరములతో మొదలగునవే. సరిగా పలుకలేనివాడు ఫ్రెంచివాడని తేలి కత్తికి ఎర అయ్యెనని పరంపరగా చెప్పుదురు. 1940వ సంవత్సరమున జర్మనీ సేనలు హాలండుపై దండెత్తినపుడును, హేగ్ నగరముచెంతనున్న "స్ఖేవనింగెన్" అను తీరప్రాంతపు పేరును పలికించి జర్మను గూఢచారులను పట్టుకొనిరని కథ కలదు. ఆ పేరు మొదటి అక్షరములను డచ్చివారు సకార ఖకారముల పొత్తుగా పలుకుదురు. జర్మనులు ఆ అక్షరములనే షకారముగా చదువుదురు. మాట మనుష్యులను కలుపుటకు పుట్టినది. "వీడు మనవాడు కాడు" అని వేలెత్తి చూపుటకు దానిని వాడినపుడు, తరగతిలోని నవ్వునకును యుద్ధములోని కత్తికిని మూలము ఒక్కటియే అగును.

అయినచో ఉచ్చారణమును దిద్దుకొనుట అనవసరమా? కాదు. ఒక భాషను నేర్చువాడు ఆ భాషవారికి తేటగా తెలియునట్లు పలుకుటకు యత్నింపవలెను. ఆ యత్నము కష్టమైనది కాదు. "స్కూలు" అనుటకు ముందు పాము బుసకొట్టినట్లు సకారమును మాత్రము సాగదీసి, ఆ బుసనుండియే "కూలు" అనుమాటలోనికి జాఱినచో ఇకారమునకు చోటుండదు. "ప్రజ" అనుటకు పెదవులు మూసియుండగనే నాలుక కొనను రేఫస్థానమున నిలిపి, పిదప పెదవులు విప్పవలెను. "రాష్ట్రము" అను మాటను మొదట "రాష్-ట్రము" అని రెండు తునుకలుగా పలికి, క్రమముగా దగ్గఱకు చేర్చవలెను. వినుట ముందు, పలుకుట వెనుక. నెమ్మది ముందు, వేగము వెనుక. ఎంత నేర్చినను మాట వేగములో కొన్ని హల్లులు జాఱుట సహజము. చేతిరుమాలునకు ఆంగ్లేయులు వాడు "హేండ్‌కర్చీఫ్" అను మాటలోని డకారమును వారే పలుకరు.

పాణినీయ శిక్షలో అక్షరములను పలుకు తీరునకు ఆడుపులిని ఉపమానముగా చెప్పియున్నారు. అది తన కూనలను కోరలతో పట్టి మోయునపుడు జాఱిపడనీయదు, కోరలు నాటనీయదు. హల్లులను పలుకువానికి ఆ నేర్పు కావలెను. ఆ బాలుని "ఇస్కూలు"ను దిద్దదలచిన తోటి విద్యార్థులకు అది అంతకంటెను ఎక్కువగా కావలెను. సరియైన పలుకు జాఱిపోనీయరాదు. పలుకువాని మనస్సున పండ్లు నాటరాదు. "స్కూలు" అను మాటను నవ్వక, తొందరపెట్టక, నాలుగు మాఱులు కూడ పలికినవాడున్నచో ఆ బాలుని ఇకారము దానంతటదియే తొలగును. మఱునాడు ఉపాధ్యాయుడు ప్రశ్న అడిగినపుడు అతడు లేచి నిలుచును.